పేరు పెట్టి చెప్పండి



మా చిన్నప్పుడు, నేనెక్కణ్ణుంచి వచ్చానని అడిగితే మా అమ్మ ‘నిన్ను తవుడు పోసి కొన్నామే’ అనేది. అక్కని మాత్రం ఆస్పత్రిలో నర్సమ్మ ఇచ్చిందట. నా ఖరీదు తవుడేనా అని చాలాకాలం బెంగపెట్టుకున్నాను. నెలకు మూడు రోజులు అమ్మ వసారాలో చాప వేసుకుని వేరుగా కూర్చునేది. నేను పరుగెత్తుకెళ్ళి ఒళ్ళో పడబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకు లాగి, ‘అమ్మని కాకి ముట్టింది, దగ్గరికి పోకు’ అనేది. పెరట్లో జామచెట్టు మీద కాకి వాలితే చాలు, రాయి పుచ్చుకుని తరిమేదాన్ని, మళ్ళీ వచ్చి అమ్మని ముట్టుకుంటుందేమోనని.

మీలో చాలామంది ఇలాంటి ఇళ్ళలోనే పెరిగి ఉంటారు. తవుడు మాట, కాకి మాట పెద్దవాళ్ళు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. చెప్పడానికి వాళ్ళ దగ్గర ఇంకో మాట లేదు. పిల్లలకు వాళ్ళ ఒంటి గురించి, పుట్టుక గురించి, ఎదిగే వయసు గురించి ఇంట్లో ఏం చెప్పాలి, బడిలో ఏం చెప్పాలి అన్నది ఇవాళ్టి నా ప్రసంగం. దీన్ని లైంగిక విద్య అంటున్నాం. ఆ పేరు వినగానే రేడియో గొంతు తగ్గించాలని కొందరికి అనిపిస్తుంది. దయచేసి తగ్గించకండి. పిల్లలు పక్కనే ఉంటే ఉండనివ్వండి. వాళ్ళు వినకూడని మాట ఇందులో ఒక్కటీ లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. 1986లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి నల్లబల్ల మీద మందారపువ్వు బొమ్మ పెద్దగా వేసేదాన్ని. కేసరాలు, అండకోశం, పరాగం అన్నీ విడమరిచి చెప్పేదాన్ని. ఆ తరువాత ‘మనుషుల సంగతి ఇంటి దగ్గర చదువుకోండి’ అని పుస్తకం మూసేదాన్ని. పిల్లలు తల వంచుకుని నవ్వుకునేవాళ్ళు. నాకు చెప్పిన మాష్టారూ అలాగే మూశారు. ఇలా నాలుగేళ్ళు గడిచాయి.

ఒకరోజు ఏడో తరగతి పిల్ల ఒకతి బడి వదిలిపెట్టాక కూడా బెంచీ మీంచి లేవలేదు. మిగతా పిల్లలంతా వెళ్ళిపోయారు. దగ్గరికి వెళ్ళి చూస్తే పరికిణీ మీద రక్తపు మరక. ముఖం పాలిపోయింది. ‘టీచర్, నేను చచ్చిపోతానా?’ అని అడిగింది. వాళ్ళ వీధిలో ఒకావిడ గర్భసంచి జబ్బుతో రక్తం పోయి చనిపోయిందట, ఆ మాట విని ఉంది. ఆ తరువాత అన్న మాట నేను ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. ‘మా అమ్మకి చెప్పకండి టీచర్, మా దగ్గర డబ్బుల్లేవు’ అంది. పన్నెండేళ్ళ పిల్ల ప్రాణం పోతుందనుకుంటూ వైద్యం ఖర్చు గురించి బాధపడుతోంది.

నేనే ఇంటికి తీసుకెళ్ళాను. విషయం చెప్పగానే వాళ్ళమ్మ పిల్లని గుమ్మం దగ్గరే ఆపేసి, ‘లోపలికి రాకు, అక్కడే నిలబడు’ అంది. పదకొండో రోజున ఊరందర్నీ పిలిచి ఫంక్షన్ చేశారు. మైకు పెట్టారు, పట్టుపరికిణీ కట్టారు, చిమ్మిలి తినిపించారు, ముత్తయిదువలు అక్షింతలు వేశారు. ఆ పిల్ల పెద్దమనిషయిందని ఊరంతటికీ తెలిసింది. తన ఒంట్లో ఏం జరిగిందో ఆ పిల్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ వారంలో నేను తనకి చెప్పింది ఇంతే. నీ పొత్తికడుపులో గర్భసంచి అని ఉంది. ఏదో ఒకరోజు బిడ్డ పెరగడానికి అది చోటు. వయసు వచ్చాక నెలనెలా దాని లోపలి పొర మెత్తగా, మందంగా తయారవుతుంది. బిడ్డ లేకపోతే ఆ పొర అక్కర్లేదు కాబట్టి ఊడి, కొంచెం రక్తంతో బయటికి వచ్చేస్తుంది. మామూలుగా అన్ని రోజులూ కలిపి పోయే రక్తం రెండు మూడు పెద్ద చెంచాలు. అది చెడు రక్తం కాదు, నీ చేతిలో పారే రక్తమే. నొప్పి ఉంటే చెప్పు, బట్ట మార్చుకో, స్నానం చెయ్యి, అందరితో కలిసి అన్నం తిను, బడికి రా. అంతే. నిండా రెండు నిమిషాలు పట్టలేదు. అంతా విని ‘అయితే కాకి కాదా టీచర్’ అంది.

ఆ ఏడాది నుంచి నేను పుస్తకం మూయడం మానేశాను.

ఇప్పుడు మాటల సంగతి చెబుతాను, నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది. రెండేళ్ళ బిడ్డకి ముక్కేది, చెవేది, బొజ్జేది అని ఆటగా అన్నీ నేర్పుతాం. బొడ్డు దాటేసరికి ‘షేమ్ షేమ్’ అంటాం. మళ్ళీ మోకాళ్ళ దగ్గర పేర్లు మొదలవుతాయి. ఆ నడుమ ఉన్నదానికి బిడ్డ నేర్చుకునే మొదటి పేరు సిగ్గు. తెలుగులో వాటికి మాటలు లేవా అంటే ఉన్నాయి. వీధిలో తిట్టుకునే మాటలున్నాయి, అవి ఇంట్లో అనలేం. పాఠ్యపుస్తకంలో సంస్కృతం మాటలున్నాయి, అవి ఎవరికీ నోరు తిరగవు. ఇక ఇంట్లో ముద్దుమాటలు. బుజ్జి, చిట్టి, ఒక్కో ఇంట్లో ఒక్కోటి.

నాకు తెలిసిన ఒక ఇంట్లో నాలుగేళ్ళ పాప, ‘ఆ తాతయ్య నా బుజ్జిని నొప్పి చేశాడు’ అని మూడు వారాలపాటు చెప్పింది. ఆ పాప బొమ్మ పేరు కూడా బుజ్జే. బొమ్మని విరిచాడు కాబోలు అనుకుని, కొత్త బొమ్మ కొనిస్తాలే అన్నారు. ఆ పక్కింటి ముసలాయన దగ్గర పాపని వదిలి అమ్మ పనికి వెళుతూనే ఉంది. నాలుగో వారం స్నానం చేయించేటప్పుడు గాయం కనబడింది.

అందుకే పేరు పెట్టి చెప్పమంటున్నాను. పురుషాంగం, వృషణాలు, యోని, రొమ్ములు, మలద్వారం. ఇవి బూతులు కావు, మనిషి ఒంట్లో భాగాలు. చిన్నబిడ్డకు ఈ మాటలు బరువనిపిస్తే మూత్రం పోసే చోటు అనండి, అదీ మంచి తెలుగే. ఇంట్లో వాళ్ళకే కాక టీచరుకి, డాక్టరుకి, అవసరమైతే న్యాయమూర్తికి కూడా అర్థమయ్యే మాటయి ఉండాలి.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53 శాతం మంది చెప్పారు. అలా చెప్పినవాళ్ళలో సగానికి పైగా మగపిల్లలు. ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ పని చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు బాగా తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. చీకట్లో తెలియనివాడెవడో వస్తాడని మనం పిల్లల్ని భయపెడుతుంటాం. వచ్చేవాడు చాక్లెట్టు పట్టుకుని, వరస పెట్టి పిలుస్తూ, పట్టపగలు వస్తాడు.

మంచి స్పర్శ, చెడు స్పర్శ అని ఇప్పుడు బడుల్లో నేర్పుతున్నారు, సంతోషం. అది ఒక్కటే సరిపోదని నా అనుభవం. చెడ్డవాడు మొదట్లో మంచిగానే ముట్టుకుంటాడు. బిడ్డకి అది చెడుగా అనిపించకపోవచ్చు, తరువాత తప్పంతా తనదే అనిపిస్తుంది. అందుకని దానికి తోడు ఒక చిన్న నియమం చెప్పండి. స్నానం చేయించే అమ్మ, అమ్మ పక్కనుండగా చూసే డాక్టరు తప్ప, బట్టల కింద ఉన్న భాగాల్ని ఎవరూ ముట్టుకోకూడదు, చూపించమనకూడదు, వాళ్ళవి చూపించకూడదు. ‘ఎవరికీ చెప్పకు’ అని పెద్దవాళ్ళు ఎవరైనా అంటే, ఆ మాట వెంటనే అమ్మానాన్నలకు చెప్పెయ్యాలి. ఇంకొకటి, ఇది మన ఇళ్ళలో అలవాటు. చుట్టాలు రాగానే ‘మావయ్యకి ముద్దు పెట్టమ్మా, బాబాయి ఒళ్ళో కూర్చో’ అని పిల్లల్ని తోస్తాం. బిడ్డ వెనక్కి తగ్గితే మర్యాద తెలియదంటాం. వద్దండీ. బిడ్డ ఇష్టపడకపోతే దణ్ణం పెట్టిస్తే చాలు. తన ఒంటి మీద తన మాట చెల్లుతుందని ఆ బిడ్డకి మొదట తెలియవలసింది ఇంట్లోనే.

ఏ వయసుకి ఎంత చెప్పాలని తల్లిదండ్రులు అడుగుతుంటారు. బిడ్డ అడిగినంత చెప్పండి. మూడేళ్ళవాడు నేనెక్కణ్ణుంచి వచ్చానంటే, అమ్మ కడుపులో గర్భసంచి ఉంది, అందులో పెరిగి వచ్చావు అంటే చాలు, వాడు ఆటకి పోతాడు. ఏడేళ్ళప్పుడు, లోపలికెలా వెళ్ళానంటాడు. అమ్మ దగ్గర ఒక చిన్న కణం, నాన్న దగ్గర ఒక చిన్న కణం ఉంటాయి, రెండూ కలిస్తే బిడ్డ అవుతుంది అనండి. అప్పటికప్పుడు జవాబు తోచకపోతే, రేపు చెబుతానని చెప్పి, నిజంగా రేపు చెప్పండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ ఒక్క విషయంలో అడిగినా చెంపదెబ్బే పెట్టాం చాలాకాలం. దెబ్బ తిన్న బిడ్డ మళ్ళీ అమ్మని అడగడు, వేరేవాళ్ళని అడుగుతాడు.

ఎదిగే మార్పుల గురించి మాత్రం బిడ్డ అడిగేదాకా ఆగకండి. ఆడపిల్లల్లో ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య, మగపిల్లల్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య ఆ మార్పులు మొదలవుతాయి. రొమ్ములు ఎదగడం మొదలైన రెండేళ్ళకు అటూ ఇటూగా నెలసరి వస్తుంది. అంటే నాలుగో తరగతి, అయిదో తరగతి సెలవుల్లోనే ఆడపిల్లకి చెప్పేసి ఉండాలి. వచ్చాక చెబుదాంలే అంటే, బెంచీ మీంచి లేవలేని పిల్లల్లో మీ పిల్ల కూడా ఉంటుంది.

ఇక మగపిల్లలు. వాళ్ళ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఎవరూ మాట్లాడరు. ఆడపిల్లకి కనీసం ఫంక్షన్ చేస్తారు. మగపిల్లవాడికి గొంతు మారిందని, మీసం వచ్చిందని వేళాకోళం తప్ప ఇంకేమీ లేదు. పద్నాలుగేళ్ళవాడు ఒకరోజు తెల్లవారుజామున పక్క తడిసి లేస్తాడు. ఎవరికీ తెలియకుండా దుప్పటి ఉతుక్కుంటాడు. ఆ రోజు నుంచి తనకేదో రోగమని అనుకుంటాడు. వాడికి పాఠం చెప్పడానికి మన రోడ్ల పక్క గోడలు సిద్ధంగా ఉంటాయి. నరాల బలహీనత, యవ్వనంలో చేసిన తప్పులు, ఫలానా లాడ్జిలో ప్రతి నెలా ఫలానా ఆదివారం డాక్టరుగారు అందుబాటులో ఉంటారు అని. నలభై రక్తపు చుక్కలు ఒక వీర్యపు చుక్క అన్న మాట వాడు ఎక్కడో వినే ఉంటాడు. అది అబద్ధం. వీర్యం రక్తంలోంచి తయారు కాదు. వృషణాల్లో వీర్యకణాలు రోజూ తయారవుతూనే ఉంటాయి, మిగిలినవి నిద్రలో బయటికి పోవచ్చు, లేదా ఒంట్లోనే కలిసిపోతాయి. దానివల్ల బలం తగ్గదు, బుద్ధి తగ్గదు, కళ్ళు గుంటలు పడవు.

నా దగ్గర చదువుకున్న పదో తరగతి కుర్రవాడు ఒకడు పరీక్షలకు ముందు చిక్కి సగమైపోయాడు. కడుపు జబ్బనుకున్నారు. తల్లి చెవిదుద్దులు తాకట్టు పెట్టి ఇచ్చిన పుస్తకాల డబ్బు వాడు లాడ్జి డాక్టరు పొడి కోసం ఖర్చుపెట్టాడని తరువాత తెలిసింది. మా బడి లెక్కల మాష్టారు సాయంత్రం చెరువుగట్టు దాకా వాణ్ణి నడిపించుకెళ్ళి, ‘ఒరేయ్, నాకూ నీ వయసులో అలాగే అయింది, మీ నాన్నకీ అయింది’ అని చెప్పి తీసుకొచ్చారు. వాడు ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాడట. ఈ దిగులుతో మన దేశంలో ఎంతమంది మగవాళ్ళు ఆస్పత్రులకు వచ్చేవారంటే, 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యులు దీనికి ధాత్ సిండ్రోమ్ అని ప్రత్యేకంగా పేరే పెట్టారు. చెరువుగట్టు మీద ఒక మాట చెప్పే మనిషి ఉంటే అందులో చాలామందికి ఆస్పత్రి అక్కర్లేదు. ఈ పని తండ్రులది. తండ్రి లేకపోతే మేనమామది, అన్నది, మాష్టారిది. విజయవాడ డాక్టర్ సమరం గారు స్వాతి వారపత్రికలో ఏళ్ళ తరబడి ఇలాంటి ఉత్తరాలకు జవాబులు రాశారు. ఆ ఉత్తరాలు చదివితే తెలిసేది ఏమిటంటే, పెళ్ళయి పిల్లలున్న మగవాళ్ళు కూడా పదిహేనేళ్ళప్పటి భయాన్ని మోసుకు తిరుగుతున్నారు.

ఈ రోజుల్లో గోడ మీద ప్రకటన అక్కర్లేదు, ఫోను ఉంది. మీ పిల్లవాడు బూతు వీడియోలు చూడలేదని మీరు నమ్మవచ్చు. నేను నమ్మను. ఫోను లాక్కుని కొడితే స్నేహితుడి ఫోనులో చూస్తాడు. కూర్చోబెట్టి చెప్పండి. అందులో ఉన్నది డబ్బులిచ్చి తీసిన నటన. నిజంగా ఇద్దరు మనుషుల మధ్య ఉండే ఇష్టం, మొహమాటం, వద్దు అనే హక్కు, వచ్చే బాధ్యత అందులో కనబడవు. ఆడదాన్ని అలా చూడటం నేర్చుకున్నవాడు తరువాత పెళ్ళాన్నీ అలాగే చూస్తాడు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇంకో మాట చెప్పాలి. ఎంత ప్రేమగా అడిగినా బట్టల్లేని ఫోటో ఎవరికీ పంపకూడదు. ఒకవేళ పంపారు, ఎవడో బెదిరిస్తున్నాడు అంటే, తిట్టకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ నేరాల సహాయ నంబరు. తిడతారన్న భయంతోనే పిల్లలు బెదిరింపులకు లొంగిపోతారు.

బడికి వస్తాను. బడుల్లో ఈ పాఠం చెప్పాలా వద్దా అన్న తగాదా మన దేశంలో కొత్తది కాదు. ఎయిడ్స్ భయం ఎక్కువగా ఉన్న రోజుల్లో కేంద్రం కౌమార విద్య అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అందులోని బొమ్మలు అభ్యంతరకరంగా ఉన్నాయని 2007లో మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ, అప్పుడు దాని అధ్యక్షులు మన తెలుగువారే, వెంకయ్యనాయుడు గారు, బడుల్లో లైంగిక విద్య వద్దని చెప్పింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఈ చదువు తొమ్మిదో తరగతి దాకా ఆగకూడదు, ఇంకా చిన్న వయసులోనే మొదలుకావాలి అంది. పదహారేళ్ళలో మాట అటు నుంచి ఇటు వచ్చింది.

వద్దన్నవాళ్ళని నేను తప్పుపట్టను. వాళ్ళ భయం నాకు తెలుసు. చెబితే పిల్లలకు లేనిపోని ఆలోచనలు పుడతాయన్నది ఆ భయం. దీని మీద ప్రపంచంలో చాలా పరిశోధనలు జరిగాయి. వాటిని కూడగట్టి 2018లో యునెస్కో ఇచ్చిన మార్గదర్శకంలో తేలింది ఏమిటంటే, ఈ చదువు వల్ల పిల్లలు తొందరపడటం పెరగలేదు. నేను తరగతిలో చూసిందీ అదే. విడమరిచి చెప్పాక పిల్లల నవ్వులు ఆగిపోతాయి, ముఖాలు శ్రద్ధగా మారతాయి.

మా బడిలో నేను చేసినది చెబుతాను. ముందు తల్లిదండ్రుల్ని పిలిచాను. పిల్లలకు చూపించబోయే బొమ్మల్నే వాళ్ళకు చూపించాను. ఒక తండ్రి లేచి, ‘మా పిల్లకి ఇవన్నీ ఎందుకండీ టీచరుగారూ, ఇంట్లో చెప్పుకుంటాం’ అన్నాడు. వెనక వరసలో అతని భార్యే, ‘చెప్పండి టీచరమ్మగారూ, మా వల్ల కాదు’ అంది. ఆ తరువాత చాక్‌పీసుల ఖాళీ డబ్బాకి పైన కన్నం చేసి తాళం వేసి వరండాలో పెట్టాను. పేరు రాయకుండా ఏ ప్రశ్నైనా వేయవచ్చని చెప్పాను. వారం రోజుల్లో డబ్బా నిండిపోయింది. ముద్దు పెట్టుకుంటే కడుపు వస్తుందా? మా అన్నకి మీసం వచ్చింది, నాకెందుకు రాలేదు? ఒకవైపు రొమ్ము చిన్నగా ఉంది, అది జబ్బా? ఆ మూడు రోజుల్లో ముట్టుకుంటే ఆవకాయ నిజంగా పాడవుతుందా? దీనికి జవాబుగా, ఆ రోజుల్లోనే నా చేత్తో కలిపిన ఆవకాయ జాడీ బడికి తెచ్చి, ఏడాది తరువాత కూడా పిల్లలకు అన్నంలో పెట్టాను. కొన్ని తరగతులు ఆడపిల్లలకి, మగపిల్లలకి వేరువేరుగా పెట్టాను, అప్పుడు నోరు విప్పి అడుగుతారు. కొన్ని కలిపే పెట్టాను. పక్క బెంచీ పిల్ల పరికిణీ మీద మరక పడితే నవ్వకుండా తన చొక్కా ఇవ్వాలని మగపిల్లవాడికి తెలియాలంటే వాడు ఆ పాఠంలో కూర్చోవాలి.

ఆ డబ్బాలో ఒకరోజు ఒక చీటీ వచ్చింది. ‘మా బాబాయి రాత్రిపూట నా పక్కన పడుకుంటున్నాడు. నాకు ఇష్టం లేదు. ఎవరికి చెప్పాలి?’ అని. పేరు లేదు. నోటు పుస్తకాలు దిద్దేదాన్ని కాబట్టి రాత గుర్తుపట్టాను. నేను వాళ్ళ నాయనమ్మతో మాట్లాడాను, పిల్లని ప్రభుత్వ హాస్టల్లో చేర్పించాను. పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. పరువు పోతుందని వాళ్ళు ఏడిస్తే ఆగిపోయాను. అది తప్పని ఇప్పుడు తెలుసు. ఆ ఇంట్లో ఇంకో చిన్నపిల్ల కూడా ఉంది.

2012 నవంబరు 14 నుంచి, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అమలులో ఉంది. ఇప్పుడైతే ఆ చీటీ చదివి ఊరుకోవడం నేరం. టీచరైనా, డాక్టరైనా, పక్కింటివాళ్ళైనా తెలిసినవాళ్ళు చెప్పి తీరాలి. బిడ్డ పేరు బయటికి రాకూడదు. రాత్రిపూట బిడ్డని పోలీస్ స్టేషన్లో ఉంచకూడదు. వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటో తీసుకోవాలి, వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు ఆడ అధికారే రావాలి. పోలీసులంటే భయపడి ఆగిపోయే తల్లులకు ఈ సంగతులు తెలియాలి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు, ఏ సమయంలోనైనా, ఆ బిడ్డే చేయవచ్చు. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు ముందు నమ్మండి. నువ్వెందుకు వెళ్ళావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు అనకండి. నువ్వు చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు అనండి.

ఇదే చట్టం గురించి ఇంటర్ చదివే పిల్లలకు ఇంకో సంగతి చెప్పాలి, దీన్ని ఏ కాలేజీలోనూ చెప్పగా నేను వినలేదు. 18 ఏళ్ళ లోపు పిల్ల ఇష్టపడిందన్నా చట్టం ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. పదహారేళ్ళ పిల్ల, పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు ప్రేమించుకుని ఊరు విడిచి వెళతారు. పిల్ల తండ్రి కేసు పెడతాడు. కనీసం పదేళ్ళ శిక్ష పడే నేరం కుర్రవాడి మీద పడుతుంది. రాంకుల కోసం పొద్దున అయిదింటి నుంచి రాత్రి పది దాకా చదివించే కాలేజీల్లో, ఆడా మగా మాట్లాడుకుంటే జరిమానా వేసే హాస్టళ్ళలో, ఆ పిల్లలకు ఈ ఒక్క వాక్యం చెప్పడానికి గంట దొరకదా? ప్రేమలో పడటం నేరమని భయపెట్టమనడం లేదు. ఆ వయసులో మనసు లాగడం మామూలేనని చెప్పి, చట్టం ఎక్కడ ఉందో చూపించమంటున్నాను. ఇంట్లోవాళ్ళే పెళ్ళికి తొందరపడితే పిల్లలు ఏం చేస్తారన్నదీ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళని అడిగితే, 18 నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో నూటికి 23 మంది తేలారు. ఒంటి గురించి ఒక్క ముక్క చెప్పకుండా పదహారేళ్ళ పిల్లని కాపురానికి పంపిస్తున్నాం.

2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద బడుల్లో ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు, వీలైతే ఒక ఆడ, ఒక మగ టీచరుకు, శిక్షణ ఇచ్చి ఈ విషయాలు చెప్పించాలన్నది దాని ఉద్దేశం. మంచి ఏర్పాటు. పదవీ విరమణ తరువాత కూడా నేను బడులకు వెళుతుంటాను. కొన్నిచోట్ల ఆ ఇద్దరూ చక్కగా చెబుతున్నారు. కొన్నిచోట్ల వాళ్ళ పేర్లు గోడ మీద రాసి ఉన్నాయి, అంతవరకే. తాళం వేసిన మరుగుదొడ్డి, నీళ్ళు రాని కుళాయి ఉన్న బడిలో నెలసరి మీద పాఠం చెప్పినా ఆ పిల్ల ఆ మూడు రోజులూ బడికి రాదు. ఆ తాళం తీయించడం కూడా ఈ చదువులో భాగమే.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో మీ పిల్లల సైన్సు పుస్తకంలో కౌమారదశ పాఠం ఉంటుంది. ఈ రాత్రి ఆ పుస్తకం తీసి ముందు మీరు చదవండి. ఆ తరువాత ఈ పాఠం బడిలో చెప్పారా అని మీ పిల్లని అడగండి. చెప్పలేదంటే రేపు పొద్దున హెడ్మాస్టరుగారిని కలిసి, చెప్పించమని మీరే అడగండి. నలుగురు తల్లులు కలిసి వెళ్ళి అడిగితే ఏ బడీ కాదనలేదు.